సినిమా అయ్యాక చెప్తానన్నాను

ఇంటర్వెల్ అయిపోయింది, లైట్లు ఆర్పేశారు, ఇంకో గంటలో ఈ పక్క సీట్లో కూర్చున్న మనిషికి నేను అవుననో కాదనో చెప్పాలి. సినిమా అయ్యాక చెప్తానని నేనే అన్నాను, ఎవరూ నా గొంతు మీద కత్తి పెట్టలేదు. అడిగేవాళ్ల నోట్లో మాట పూర్తి కాకముందే జవాబు చెప్పేసే రకం నేను. స్పిన్నింగ్ మిల్లులో చేరిన కొత్తలోనే నాకు తొందరమ్మ అని పేరు పెట్టారు, హాజరు పిలిచేటప్పుడు తప్ప నా అసలు పేరు నాకే వినపడేది కాదు. అలాంటి నాకు ఈ ఫిట్టరు ఒక్క మాట అడిగేసరికి గడువు కావాల్సొచ్చింది. ఇతనికీ మిల్లులో ఓ పేరుంది, నిదానం. మిషను ఆగిపోయిందని కబురు పెడితే రెంచి వెతుక్కుని, దాన్ని తుడుచుకుని, మిషను చుట్టూ ఓసారి తిరిగొచ్చి, అప్పుడు గానీ నట్టు మీద చెయ్యి వేసేవాడు కాదు. నిదానమే ప్రధానం అంటాడు తను, ఆలస్యం అమృతం విషం అంటాను నేను, ఈ రెండు సామెతల్నీ ఒకే జనం ఎలా పుట్టించారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇప్పుడు కూడా పాప్‌కార్న్ పొట్లం ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క గింజా తీసి, దాన్ని ఓసారి చూసి, నోట్లో వేసుకుంటున్నాడు. నా పొట్లం ఇంటర్వెల్లోనే ఖాళీ.

అడగడం కూడా అలాగే అడిగాడు. మిల్లు మూతపడ్డాక నేను మా ముందు గదిలో దారాలు, గుండీలు, జిప్పులు, ఎలాస్టిక్ అమ్ముకుంటున్నాను, ఆ గది కిటికీయే నా కొట్టు. ఈ మనిషి రోజూ సాయంత్రం వచ్చి ఒక తెల్ల గుండీ కొనేవాడు, ఒకే ఒక్కటి. "నీకున్న చొక్కాలన్నీ కలిపినా ఇన్ని గుండీలు పట్టవు, ఎవరికి కుడుతున్నావయ్యా?" అని ఏడిపిస్తే, "ఊడిపోతున్నాయి" అనేవాడు. ఎందుకొస్తున్నాడో నాకు తెలుసు, తెలిసీ ఏమీ ఎరగనట్టు ఒక్కొక్క గుండీనీ కాగితంలో చుట్టి ఇచ్చాను. ఓ రోజు గుండీ జేబులో వేసుకుని కూడా కదల్లేదు. "ఒక మాట అడగాలి" అన్నాడు. "అడుగు" అన్నాను. "రేపడుగుతా" అన్నాడు. ఆ రేపు వచ్చింది, వానా వచ్చింది, నీళ్లు కారుతున్న గొడుగు పట్టుకుని కిటికీ ముందు నిలబడి, "నువ్విక్కడ ఒక్కదానివీ, నేనక్కడ ఒక్కణ్ణీ వండుకుని తింటున్నాం. ఒకే ఇంట్లో ఉందామా?" అన్నాడు, నేనింకేమైనా అనుకుంటానేమోనని కంగారుపడి, "పెళ్లి చేసుకునే" అని కలిపాడు. నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. ఆదివారం చెప్తానన్నాను. "ఆదివారం మధ్యాహ్నం హాల్లో మన సినిమా వేస్తున్నారు, అది చూసి చెప్పు" అన్నాడు. సరే, సినిమా అయ్యాకే చెప్తానన్నాను. మన సినిమా అన్నాడు.

మన సినిమానే, కాదనను. ఇదిగో తెర మీద మా లైను ఇళ్లు, ఒకే గోడకు రెండు వైపులా కాపురాలు, ఒకింట్లో తుమ్మితే ఇంకో ఇంట్లో నూరేళ్లు అనేవాళ్లు. ఇవతల వీధి కుళాయి, అవతల మిల్లు గోడ, ఆ గోడ మీద ఎండలో ఆరేసిన దుప్పట్లు. నాకు పెళ్లి కాని రోజుల్లో సినిమావాళ్లు లారీల్లో వచ్చి దిగారు, ఓ ప్రేమకథ తీస్తాం, సెట్టు వెయ్యం, మీ వీధిలోనే మీ మధ్యే తీస్తాం అన్నారు. కథ పెద్దదేమీ కాదు. మిల్లులో దారం తీసే అమ్మాయి, కొత్తగా పనిలో చేరిన ఫిట్టరు, ఎదురెదురు ఇళ్లు. ఆ అమ్మాయికి తండ్రి లేడు, చిన్న చెల్లెళ్లున్నారు, పెళ్లి మాట ఎత్తితే ముఖం తిప్పుకుంటుంది. అతను చెప్పలేడు, ఆమె అడగలేదు, కుళాయి దగ్గర బిందె బిందె మధ్యా చూసుకోవడమే సరిపోతుంది ఇద్దరికీ. మెల్లగా నడిచే సినిమా, మా ఫిట్టరులాగే. నేనైతే మొదటి రీల్లోనే తేల్చేసి ఇంటికి పంపించేదాన్ని అనుకుంటున్నాను, అనుకుంటూనే ముక్కు చీదుకుంటున్నాను, ఈ పాట ఎవరు పాడారోగానీ ఎక్కడో పట్టుకుని లాగుతోంది. మధ్యలో నవ్వూ వస్తోంది. షెడ్డులో మిషన్ల మధ్య నిలబడి ఆ పిల్లా పిల్లాడూ ఎంత మెత్తగా మాట్లాడుకుంటున్నారో. ఆ షెడ్డులో గొంతు చించుకున్నా పక్కవాళ్లకు వినపడేది కాదు, మేమంతా పెదాలు చూసి మాటలు తెలుసుకునేవాళ్లం, ఇంటికెళ్లాక కూడా అలవాటు కొద్దీ అరుచుకుంటూ మాట్లాడేవాళ్లం, చూసేవాళ్లు రోజూ తగువులాడుకుంటున్నామనుకునేవాళ్లు.

కుళాయి దగ్గర వరసలో అమ్మ. నాకు తెలుసు వస్తుందని, ఇంటర్వెల్‌కి ముందు కూడా ఓసారి అంచున కనపడి మాయమైంది, ఇప్పుడు మాత్రం తెర నిండా వచ్చింది, నడుం మీద బిందె, ముడి జారిపోయిన జుట్టు. నిలబడి ఊరికే పక్కావిడతో మాట్లాడమ్మా చాలు అన్నాడు డైరెక్టరు. మా అమ్మకు ఊరికే మాట్లాడడం ఎప్పుడు తెలుసు గనక. ఆ పక్కావిడతో అంతకు ముందు వారం నిజంగానే ఏదో పేచీ ఉంది, కెమెరా తిరుగుతోందని కూడా మరిచిపోయి నిజంగానే దులిపేసింది, డైరెక్టరు నవ్వాపుకోలేక అలాగే ఉంచేశాడు. అమ్మ నోరు కదులుతోంది, పైన పాట నడుస్తోంది, మాటలు వినపడవు, కానీ నాకు పెదాలు చూసి చదవడం వచ్చు కదా, ప్రతి ముక్కా అర్థమైంది, ఈ హాలు మొత్తంలో మా అమ్మ తిట్టే తిట్లు వినపడ్డది నా ఒక్కదానికే. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. చివర్లో మాట పడిపోయి మంచం మీద ఉన్న ముఖమే నాలో మిగిలిపోయింది, ఎంత తోసినా అదే వచ్చి కూర్చునేది. ఈ అమ్మ వేరు, నా కన్నా చిన్నది ఇప్పుడు, నా కూతురి కన్నా నాలుగైదేళ్లు పెద్దదేమో అంతే. అమ్మా, ఇలా తిరుగు ఒక్కసారి. తిరగలేదు, కుళాయిలో నీళ్లొచ్చాయి, బిందె పెట్టింది.

కూతురు రేపు పొద్దుటి బస్సుకు టికెట్టు కొనేసింది నా కోసం. నర్సు ఉద్యోగం, ఓ వారం పగలు, ఓ వారం రాత్రి, పసివాణ్ణి పట్టుకునేవాళ్లు లేరు, అల్లుడు మంచివాడేగానీ పాలు కాయడం మొదలెడితే గిన్నె మాడిస్తాడు. కొట్టు మూసేసి వచ్చెయ్యమ్మా, అక్కడేముంది నీకు అంటోంది. తప్పు కాదు, దానికి అవసరం ఉంది. మొన్న ఫోన్లో ఫిట్టరు సంగతి చెప్పాను. అవతల పసివాడు ఏడుస్తున్నాడు. "అందరూ ఏమనుకుంటారోనమ్మా" అంది ముందు. ఎవరా అందరూ అని అడుగుదామనుకున్నాను. "నీ ఇష్టం" అంది తర్వాత. మా ఇంట్లో నీ ఇష్టం అనే మాటకు ఎప్పుడూ ఒకటే అర్థం, అన్నవాళ్ల ఇష్టం. దానికా విద్య నేర్పింది నేనే. వెళ్తే మనవడి నవ్వుంది, నా చేతుల్లో నిద్రపోయే ఆ బరువుంది, అది తక్కువేం కాదు. అయినా అక్కడ నేను అమ్మమ్మను, అత్తను, అమ్మను, ఇంకేమీ కాను. ఇక్కడ ఈ మనిషి నన్ను ఇప్పటికీ తొందరా అని పిలుస్తాడు. ఈ వయసులో మనల్ని ఆటపట్టించే మనిషి దొరకడం కన్నా అదృష్టం ఏముంటుందో నాకైతే తెలియదు. మరి అవునని చెప్పడానికేం? ఏమిటో చెప్తాను, ఇంకొంచెం ఆగి చెప్తాను, ముందు ఈ గేటు దగ్గర సీను చూడనివ్వండి.

గేటు దగ్గర మా ఆయన ఉంటాడని ఫిట్టరే చెప్పాడు. మా ఆయన మిల్లులో తూకం గుమాస్తా, దారం బేళ్లు తూచి రాసుకునేవాడు. షిఫ్టు వదిలినట్టు జనమంతా కెమెరా వైపు చూడకుండా నడిచి వెళ్లిపోవాలని మైకులో మొత్తుకున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అదిగో, అందరూ వెళ్తున్నారు, మా ఆయన ఆగాడు, చంకలో గొడుగు, కెమెరాలోకి సూటిగా చూసి, ఎవరైనా పిలిచారా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. హాల్లో ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతుంటే కళ్లు మసకబారాయి. అచ్చం అలాగే చూసేవాడు నేను వంటింట్లోంచి ఏదైనా గొణిగితే. ఈ సినిమా విడుదలయ్యేసరికి మా పెళ్లయి నెల కూడా కాలేదు, టికెట్లు తెచ్చాడు, నాకు తలనొప్పి అన్నాను. మళ్లీ వారం తెచ్చాడు, మళ్లీ తలనొప్పి అన్నాను. ఆ మనిషి నా వైపు ఓసారి చూసి, టికెట్లు పక్కింటివాళ్లకు ఇచ్చేసి వచ్చి, "నీ చేతులు సినిమాలో ఉన్నాయని ఊరంతా డబ్బులు పెట్టి చూస్తోంది, నాకు ఇంట్లోనే ఉచితం" అన్నాడు. అంతే, ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు. అతనికెంత తెలుసో నాకు తెలియదు, తెలిసినా నన్ను అడగలేదు. ఆ కాపురంలో ఒక్క రోజు ఎవరికైనా ఇమ్మంటే నేనివ్వను. ఆరేళ్లయింది ఆయన పోయి, గొడుగు ఇప్పటికీ తలుపు వెనకే ఉంది.

అవును, చేతులు. సినిమాలో నేను కనపడను, నా చేతులే కనపడతాయి. హీరోయిన్ పాపం మంచి పిల్ల, మాతో పాటు కింద కూర్చుని అన్నం తినేది, కానీ ఆ చేతులు మిషను దగ్గర పెడితే ప్రమాదం. దారం తీసే ఫ్రేము మీద బాబిన్లు గిర్రున తిరుగుతుంటాయి, ఎక్కడో ఒక పోగు తెగుతూనే ఉంటుంది, తెగిన కొసను బాబిన్ మీంచి లాగి పైన రోలరు దగ్గర వేలి కొసతో అలా మెలేసి అంటించాలి, కన్ను మూసి తెరిచేలోగా. పుట్టుకతో వచ్చే విద్య కాదు, వేళ్లు కోసుకుంటే వచ్చేది. అందుకని దగ్గరగా చూపించాల్సి వచ్చినప్పుడు ఆమె చేతులకు బదులు నావి, హీరో చేతులకు బదులు ఈ ఫిట్టరువి. మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది, అది విని డైరెక్టరు ఓ సీను రాసుకున్నాడు. ఎవరి ఫ్రేములో పోగు తెగితే వాళ్లే అతకాలి, పక్క మనిషి ముట్టుకోకూడదు. మగవాడు ఎవడైనా వచ్చి ఓ అమ్మాయి ఫ్రేములో తెగిన పోగును తన చేత్తో అతికాడంటే మాత్రం దానికి వేరే లెక్క, ఆ అమ్మాయిని అడిగినట్టు. ఆమె దాన్ని అలాగే నడవనిస్తే సరేనన్నట్టు. అతని చెయ్యి అందకముందే తనే అతికేసుకుందంటే కాదన్నట్టు, నీ సాయం నాకక్కర్లేదన్నట్టు. ఆ మోతలో నోటితో అడిగితే వినపడదు కదా, అందుకే పుట్టి ఉంటుంది ఈ పద్ధతి. అలా పెళ్లిళ్లయినవాళ్లు మా లైన్లోనే ఉన్నారు, పరువు పోయి షిఫ్టు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు.

సీను ఏమిటంటే, పోగు తెగుతుంది, అమ్మాయి చూసుకోదు, అబ్బాయి చెయ్యి వచ్చి అతుకుతుంది, ఆమె ఊరుకుంటుంది. ఊరుకోవడమే నాకు చేతకాలేదు. తెగిన పోగు కనపడితే నా చెయ్యి నన్నడగదు, వెళ్లిపోతుంది. కట్ అంటాడు డైరెక్టరు, మళ్లీ, మళ్లీ కట్. పొద్దున్న మొదలెట్టి భోజనాల వేళ దాకా అదే గోల. నేను ప్రతిసారీ డైరెక్టరు వైపు తిరిగి తప్పయింది సార్, ఈసారి చూడండి అనడం, ఈసారీ అదే. చుట్టూ షెడ్డంతా పగలబడి నవ్వడం. చివరికి నా కుడి చేతిని ఫ్రేము కమ్మీకి గుడ్డతో కట్టేశారు, అప్పుడు ఫిట్టరు చెయ్యి వచ్చి పోగు అతికింది, అతని చిటికెన వేలు నా మణికట్టుకు ఆనింది. అదే ఓకే అయింది. ఆ వేలు ఆనిన చోటు సాయంత్రం దాకా వెచ్చగా ఉంది, ఇది సినిమాయా నిజమా అని ఎవర్నడగాలో తెలియలేదు. ఆ తర్వాత రోజూ ఎదురుచూశాను. నా ఫ్రేము దగ్గరికి వస్తే ఆయిలు వేసి, తల వంచుకుని వెళ్లిపోయేవాడు. అతని మనసులో ఉంటే కెమెరా లేనప్పుడు ఒక్కసారైనా చెయ్యి చాపేవాడు కదా అనుకున్నాను. నాలాంటిది ఎన్నాళ్లని చూస్తుంది. తూకం గుమాస్తా వాళ్ల అక్క మా అమ్మ దగ్గరికి వచ్చి మాట కదిపితే, లోపలి గదిలోంచి నేనే సరే అనేశాను, అమ్మ ఇంకా కుర్చీ కూడా వెయ్యలేదు ఆవిడకు.

చూడండి, ఇప్పుడు ఈ టిఫిన్ క్యారియరు పట్టుకుని వీధి దాటుతున్న పిల్ల, ఆ రెండు జడల పిల్ల, ఫిట్టరు భార్య. అప్పటికింకా కాదు, నా పెళ్లయిన రెండేళ్లకు చేసుకున్నాడు. ప్యాకింగులో చేసేది. ఎంత మంచి మనిషో, నాకు కాన్పయినప్పుడు పథ్యం వండి పెట్టింది ఆవిడే. లైన్లో అందరూ ఆవిణ్ణి వదినా అనేవాళ్లు. నాకు మాత్రం ఆ మాట నోటికి రాలేదు. వదినా అంటే ఫిట్టరు అన్నయ్య అయిపోతాడు. అక్కా అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడ పట్టుకుంది. ఓ మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ, "అందరికీ వదిననైతే నీకొక్కదానికే అక్కనెలా అయ్యానే?" అని నవ్వింది. నేను గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఏదేదో చెప్పాను. "పోనీలే, అక్కే బాగుంది" అని దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. కోపం లేదు ఆ గొంతులో, నా కంటే పెద్ద మనసు ఆవిడది. జ్వరమని ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. తెర మీద మాత్రం వీధి దాటింది, సందు మలుపులో ఓసారి జడ వెనక్కి వేసుకుంది, వెళ్లిపోయింది. ఎందుకీ సినిమా చూడమన్నావు అని ఇందాక టికెట్ల దగ్గర ఫిట్టర్ని అడిగాను. "మనం అడగాల్సినవాళ్లందరూ అందులోనే ఉన్నారుగా" అన్నాడు. నేను అతని ముఖం చూడలేక చిల్లర చూసుకున్నాను.

ఇప్పుడు చెప్తాను నా భయం. ఈ చీకట్లో నా చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాను. కణుపులు వాచి వేళ్లు వంకర తిరిగాయి, పొద్దున్నే వేణ్నీళ్లలో పెడితే గానీ మూసుకోవు, సూదిలో దారం ఎక్కించమని కొనడానికి వచ్చినవాళ్లనే అడుగుతాను, దారాలు అమ్ముకునేదాన్ని. ఈ మనిషి ఈ సినిమా విడుదలైనప్పుడు మళ్లీ మళ్లీ వెళ్లి చూశాడని అప్పట్లో లైనంతా చెప్పుకున్నారు. అంటే అతని కళ్లలో ఉన్నవి ఆ చేతులు, ఆ పిల్ల, చురుగ్గా పురివిప్పుకుని తిరిగే ఆ రోజులు. వాటి కోసం అడుగుతున్నాడేమో. రేపు నాతో ఒక ఇంట్లో ఉండి, డబ్బా మూత తియ్యలేక నేను తిట్టుకుంటుంటే, ఈవిడెవరు, నేనడిగింది ఈవిణ్ణి కాదు కదా అనుకుంటాడేమో. పైకి అనడు, పాపిష్టి మంచితనం, అనడు. కానీ నాకు తెలిసిపోతుంది. జాలితో నన్ను చూసుకునే మనిషి నాకొద్దు, దానికన్నా మనవడి మూత్రం గుడ్డలు నయం. సినిమాను ప్రేమించేవాడు సినిమాను చేసుకోవాలి, నన్నెందుకు. ఈ మాట అతన్ని అడగలేను, అడిగితే కాదంటాడు, కాదన్నంత మాత్రాన నేను నమ్ముతానా.

పాట ఆగింది. మిషన్ల మోత వచ్చింది, ఈసారి నిజమైన మోత, మా షెడ్డు మోతే, నా వీపు దానంతటది నిటారైంది. తెర నిండా బాబిన్లు. వచ్చేసింది. పోగు తెగింది. ఇప్పుడు అతని చెయ్యి వస్తుంది, అతుకుతుంది, కట్టేసిన నా చెయ్యి అవతల ఉంటుంది అని చూస్తున్నాను. రాలేదు. నా చెయ్యే వచ్చింది. సన్నగా, నున్నగా, ఎంత వేగం దానికి, కొస లాగి మెలేసి అంటించేసి పక్కకు జరిగింది. ఓకే అయినదాన్ని పారేసి తప్పయినదాన్ని పెట్టుకున్నాడు డైరెక్టరు, మొట్టమొదటిదో, రెండోదో. ఎందుకు పెట్టుకున్నాడో వెంటనే తెలిసింది. నా చెయ్యి వెళ్లిపోయాక ఆ చోటికి రెండో చెయ్యి వచ్చింది. గోళ్ల నిండా ఆయిలు మరకలు. అతికేసిన పోగు పైన, అంగుళం ఎడంగా, గాలిలో ఆగిపోయింది. వెనక్కి వెళ్లలేదు. పోగు కిందుగా పరిగెడుతూనే ఉంది, ఆ చెయ్యి అక్కడే, ఇంకా ఏమైనా మారుతుందేమో అన్నట్టు. నేను ఆ క్షణంలో అటు తిరిగి డైరెక్టరుకు తప్పయింది సార్ అని చెప్తూ ఉండి ఉంటాను. ఇది నేను చూడలేదు. చాలాసేపటికి ఆ చెయ్యి మెల్లగా ముడుచుకుని, గుడ్డకు తుడుచుకుని, తెర అంచు దాటి వెళ్లిపోయింది.

అది నటన కాదు. ఈ మనిషికి నటించడం వస్తే కదా. అడిగాడు. నిజంగానే అడిగాడు, కెమెరా ఉందని ధైర్యం తెచ్చుకుని, కాదంటే సినిమా అనుకోవచ్చని. నేను తనే అతికేసుకున్న అమ్మాయిని, అంటే మా షెడ్డు లెక్కలో కాదన్న అమ్మాయిని. ఒక్కసారి కాదు, పొద్దుటి నుంచి భోజనాల దాకా, షెడ్డంతా చూస్తుండగా, నవ్వుతుండగా, కాదు కాదు కాదు అని అతని చేతి ముందు చెప్తూనే ఉన్నాను. కట్టేస్తే గానీ ఒప్పుకోని చెయ్యి నాది. ఆ తర్వాత ఆయిలు వేసి తల వంచుకుని వెళ్లిపోక ఏం చేస్తాడు. నేను కాదనలేదయ్యా, తెగిన పోగు కనపడితే ఆగలేకపోయానంతే, అంతకు మించి ఏమీ లేదు. ఈ ఒక్క ముక్క ఇప్పుడే, ఈ చీకట్లోనే చెప్పెయ్యాలి, ఇంకో రీలు ఆగలేను. ఇటు తిరిగాను.

నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని, తల నా వైపు ఒరిగి, పాప్‌కార్న్ పొట్లం ఒళ్లో సగం జారి, హాయిగా. నా జీవితంలో అంత పెద్ద సీను నడుస్తుంటే గురక పెడుతున్నాడు, చిన్న గురకే, ఈలలాంటిది. ముందు ఒళ్లు మండింది. డొక్కలో ఒక్క పోటు పొడుద్దామని మోచెయ్యి ఎత్తాను కూడా. ఎత్తిన మోచెయ్యి అలాగే ఉండిపోయింది, లోపల్నుంచి నవ్వు మొదలైంది, ఆపుకుంటే కడుపు నొప్పెట్టే నవ్వు. ఈ చేతుల కోసం, ఈ పిల్ల కోసం చచ్చిపోయేవాడు ఈ సీన్లో నిద్రపోతాడా? అతనికి తెలుసు ఎప్పుడొస్తుందో, నా కంటే బాగా తెలుసు. వచ్చినా రాకపోయినా అతనికి పర్వాలేదు. పొద్దున్నే లేచి చొక్కా ఇస్త్రీ చేసుకుని, నా కంటే ముందొచ్చి టికెట్ల వరసలో నిలబడి, నా పక్కన కూర్చోగానే నిశ్చింతగా కన్ను మూశాడు, తన ఇంట్లో తన మంచం మీద పడుకున్నట్టు. అన్నిసార్లు కాదన్నానని నమ్మి కూడా మళ్లీ వచ్చి వానలో నిలబడి అడిగాడు, అడిగింది కణుపులు వాచిన నన్నే, రోజూ కిటికీ దగ్గర చూస్తున్న నన్నే. నాకెంత సంతోషమేసిందంటే, అమ్మ తిట్లు, గేటు దగ్గర ఎగరేసిన కనుబొమ్మలు, అక్క జడ, అన్నీ ఒక్కసారి గుండెలోకి వచ్చి సర్దుకుని కూర్చున్నాయి. పొట్లం కింద పడకుండా తీసి, మిగిలింది నేను తినేశాను.

సినిమా ఎప్పుడైపోయిందో సరిగ్గా చెప్పలేను. ఆ అమ్మాయీ అబ్బాయీ ఒకటయ్యారనే అనుకుంటున్నాను, వానలో ఒకే గొడుగులో మిల్లు గోడ వెంట నడిచి వెళ్లారు. లైట్లు వేశారు. ముందు వరసల్లో జనం లేచి, ఒళ్లు విరుచుకుని, పిల్లల చెప్పులు వెతుక్కుని, ఒకరొకరే బయటికి వెళ్లిపోయారు. తలుపు తీస్తే మధ్యాహ్నపు ఎండ లోపలి దాకా వచ్చింది. ఇంత వెలుతురులోనూ ఇతను లేవలేదు, తల ఇంకొంచెం ఒరిగి నా భుజానికి ఆనింది, బరువుగా ఉంది, చొక్కా దగ్గర సబ్బు వాసన. కాలు తిమ్మిరెక్కింది, కదల్లేదు. చీపురు పట్టుకుని ఒకావిడ వరసల మధ్య ఊడ్చుకుంటూ వచ్చింది, మా దగ్గరికి వచ్చి ఆగి, ఇతని వైపు చూసింది, నా వైపు చూసింది.

"మీ ఆయనా అమ్మా? లేపండి, మళ్లీ ఆటకి తలుపులు తియ్యాలి" అంది.

"ఆఁ, మా ఆయనే. రాత్రి సరిగ్గా నిద్ర లేదులే, పాపం ఇంకాసేపు పడుకోనివ్వమ్మా" అన్నాను.

"సరే, ముందు బాల్కనీ ఊడ్చుకొస్తా" అని వెళ్లిపోయింది. ముందు కూతురికి చెప్పాలనుకున్నాను, లేదంటే ఇతనికైనా. ముక్కూ మొహం తెలియని ఊడ్చే ఆవిడకు చెప్పేశాను. ఇక ఇతను లేచాక ఇతనికి కూడా చెప్పాలి.